మా డ్రాయింగు మాస్టారి పాఠాలు

హైస్కూల్లో లెక్కల మాస్టారి పాఠానికి పుస్తకం ఉంది, సైన్సు టీచరు పాఠానికీ పుస్తకం ఉంది. డ్రాయింగు మాస్టారి పాఠానికి అలాంటిదేమీ లేదు. ఆయన బోర్డు మీద గీసింది గంట కొట్టగానే డస్టరుతో పోతుంది. నోటితో చెప్పింది విన్నవాళ్ల చేతుల్లో మిగిలితే మిగిలినట్టు. అందుకే మా మాస్టారిని తలుచుకోవడమంటే ఆయన మంచితనాన్ని పొగడటం కన్నా, మా చేత ఏం చేయించేవారో, ఏ వరుసలో చేయించేవారో, ఏది ఎందుకు వద్దనేవారో రాసిపెట్టడమే ముఖ్యం అనుకున్నాను. ఇప్పుడు పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నవాళ్లకీ, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పెన్సిల్ పట్టాలనుకునేవాళ్లకీ ఇది పనికొస్తుంది.

ఆ తరం డ్రాయింగు మాస్టార్లలో చాలామంది ఫైన్ ఆర్ట్స్ కాలేజీ గడప తొక్కినవాళ్లు కారు. ప్రభుత్వం పెట్టే డ్రాయింగు లోయర్ గ్రేడు, తర్వాత హయ్యర్ గ్రేడు పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగు పూర్తిచేసి బళ్లో చేరినవాళ్లు. ఆ పరీక్షలకి కూర్చున్నవాళ్లకి ఫ్రీహ్యాండు (స్కేలు లేకుండా చేత్తో గీయడం), మోడల్ డ్రాయింగు (ఎదుట ఉన్న వస్తువుని చూసి గీయడం), డిజైను చేతిలో ఆడాలి. కాబట్టి వాళ్లు చెప్పే పాఠానికీ ఒక క్రమం ఉండేది. ముందు గీత, తర్వాత వస్తువు, ఆ తర్వాత డిజైను, అన్నిటికన్నా చివర రంగు. పిల్లలు మొదటి రోజే రంగులు అడుగుతారు. మాస్టారు ఇవ్వరు. ఆ పట్టుదల సరైనదే. గీత కుదరని బొమ్మకి రంగు వేస్తే తప్పు కప్పబడదు, ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మొదటి పాఠం పెన్సిల్ చెక్కడం. షార్పనరు లెడ్డుని పొట్టిగా చెక్కుతుంది. నాలుగు గీతలకే మొద్దుబారుతుంది, పెన్సిల్ని పక్కకి వాల్చి షేడు వేద్దామంటే కాగితానికి ఆనేంత లెడ్డే ఉండదు. బ్లేడుతో చెక్కితే చెక్క భాగం రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా, లెడ్డు ఒక సెంటీమీటరు బయటికి వస్తుంది. బ్లేడుని ఒంటికి దూరంగా నడపాలి, పెన్సిల్ పట్టుకున్న చేతి బొటనవేలితో బ్లేడు వీపుని మెల్లగా తోయాలి. చివర్లో మొనని గరుకు కాగితం మీద తిప్పుతూ అరగదీయాలి. చెక్కినప్పుడల్లా లెడ్డు ముక్క ఊడి వస్తుంటే ఆ పెన్సిల్ ఎప్పుడో కింద పడిందన్నమాట, లోపలే విరిగి ఉంటుంది. ఆరో తరగతి పిల్లల చేతికి బ్లేడు ఇవ్వకుండా మాస్టారే చెక్కి ఇచ్చేవారు. గీతకి హెచ్‌బీ, షేడుకి టూబీ, బాగా ముదురు చోట ఫోర్‌బీ. ఈ మూడు చాలు, పన్నెండు పెన్సిళ్ల డబ్బా అక్కర్లేదు.

గీసేటప్పుడు నొక్కకూడదు. హెచ్‌బీ పెన్సిల్ని నొక్కి గీస్తే కాగితం మీద సన్నటి గాడి పడుతుంది. రబ్బరుతో గీత పోతుంది కానీ గాడి పోదు. రేపు రంగు వేసినప్పుడు నీరు ఆ గాడిలో దిగి, చెరిపేసిన గీత ముదురుగా మళ్లీ పైకి తేలుతుంది. రబ్బరు గట్టిగా రుద్దినా అంతే. కాగితం పైపొర లేచిపోయి రంగుని ఎక్కువ పీల్చుకుంటుంది, అక్కడ మచ్చ పడుతుంది. అందుకని మొదటి గీతలు తేలిగ్గా గీయించి, తప్పు గీత చెరపకుండానే దాని పక్కన సరైన గీత గీయమనేవారు. తప్పు కళ్లెదుట ఉంటే తప్పు ఎంత దూరం పోయిందో కొలవచ్చు. చెరిపేసి మళ్లీ గీసినవాడు చాలాసార్లు అదే తప్పు మళ్లీ గీస్తాడు, ఎందుకంటే పోల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. రెండు గీతల్లో మంచిది తేలాక మాత్రమే రెండోదాన్ని రబ్బరుతో అద్ది తీయాలి.

ఫ్రీహ్యాండులో కూజా గీయించేవారు. ముందు నిలువు గీత ఒకటి, అదే నడుము. దాని మీద మూతి, మెడ, పొట్ట, అడుగు ఎక్కడెక్కడ వస్తాయో అడ్డ గీతలు. ప్రతి అడ్డ గీత మీదా నడుముకి ఇటూ అటూ సమాన దూరంలో చుక్కలు. ఆ తర్వాతే వంపు. కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ వంపు చక్కగా వస్తుంది, కుడి వంపు చదునైపోతుంది. దీనికి మందు కాగితాన్ని తలకిందులు చేసి చూడటం. తిప్పగానే అది కూజాగా అనిపించడం మానేసి రెండు వంపులుగా కనిపిస్తుంది, తేడా ఇట్టే దొరుకుతుంది. అద్దంలో చూసినా దొరుకుతుంది.

మోడల్ డ్రాయింగు ఆయన అసలు విద్య. క్లాసు మధ్యలో స్టూలు వేసి, మీద ఇత్తడి చెంబు పెట్టేవారు. అందరూ కూర్చున్న చోటి నుంచే గీయాలి. ఇక్కడ దాదాపు ప్రతి పిల్లా పిల్లాడూ చేసే తప్పు ఒకటుంది. చెంబు మూతిని గుండ్రంగా వేసి, అడుగుని స్కేలు పెట్టినట్టు తిన్నగా గీసేస్తారు. చెంబు స్టూలు మీద నిలబడింది కాబట్టి అడుగు తిన్నగానే ఉండాలని బుర్ర చెబుతుంది. కన్ను చూసేది వేరు. మన కంటి మట్టానికి దగ్గరున్న గుండ్రం సన్నగా కనిపిస్తుంది, మట్టానికి ఎంత కిందకి పోతే అంత విచ్చుకుంటుంది. కాబట్టి కంటికి దిగువన ఉన్న చెంబులో మూతి వంపు కన్నా అడుగు వంపే ఎక్కువ ఉండాలి. మూతి రెండు చివర్లూ కోసుగా వస్తే అది రెండో తప్పు. గుండ్రటి దేనికీ మూలలు ఉండవు, చివర్లు చిన్న వంపుతో తిరగాలి. నమ్మకం కుదరకపోతే గాజు గ్లాసులో సగం నీళ్లు పోసి కంటి ఎదురుగా ఎత్తి పట్టుకుని మెల్లగా కిందకి దించండి. అంచూ, నీటి మట్టమూ, అడుగూ మూడూ ఒకేసారి ఎలా విచ్చుకుంటాయో కనిపిస్తుంది.

ముందు బెంచీ పిల్లకి చెంబు మూతి వెడల్పుగా కనిపిస్తుంది, వెనక బెంచీ వాడికి సన్నగా. అందుకే మాస్టారు నిలబడి బొమ్మ దిద్దేవారు కాదు. బెంచీ పక్కన గొంతుక్కూర్చుని, పిల్లాడి తల ఎత్తుకి తన తల తెచ్చి, అక్కడి నుంచి చెంబుని చూసి, అప్పుడు కాగితం చూసేవారు. పక్కవాడి బొమ్మ చూసి గీసినవాడు అక్కడే దొరికిపోయేవాడు. నేర్పేవాళ్లు దీన్ని తప్పకుండా పాటించాలి. మీ ఎత్తు నుంచి చూసి పిల్లల బొమ్మ తప్పని చెబితే, వాళ్లు కళ్లారా చూసి గీసిన ఒప్పుని మీరు చెరిపించినట్టవుతుంది.

కొలవడం పెన్సిల్‌తోనే. మోచెయ్యి వంచకుండా చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ పై మొనని చెంబు మూతికి సరిపెట్టి, బొటనవేలి గోరుని అడుగు దగ్గరికి జరపాలి. అది ఎత్తు. వేలు కదపకుండా పెన్సిల్ని అడ్డంగా తిప్పి పొట్ట వెడల్పుతో పోల్చాలి. వెడల్పు ఎత్తులో ముప్పాతికా, దాదాపు సమానమా అన్నదే కావాలి, సెంటీమీటర్లు కాదు. మోచెయ్యి ఒక్కసారి వంగినా కొలత పోతుంది, పెన్సిల్ కంటికి దగ్గరై వస్తువు చిన్నదిగా తేలుతుంది. పెన్సిల్ని వస్తువు వైపు వాల్చి పట్టుకోవడం ఇంకో పొరపాటు. మధ్యలో ఒక గాజు పలక నిలబెట్టి ఉందనీ, పెన్సిల్ దానికి ఆని ఉందనీ అనుకోమనేవారు.

మనిషి తలలో కళ్లు సగం ఎత్తులో ఉంటాయి. పిల్లలు నుదుటి మీద పెడతారు, జుట్టు కింద ఉన్న పుర్రెని లెక్కలోకి తీసుకోరు కాబట్టి. పెద్దవాళ్ల పొడుగు వాళ్ల తలకి ఏడు, ఏడున్నర రెట్లు. ఐదారేళ్ల పిల్లలైతే ఐదున్నర, ఆరు. పసిపిల్లని గీస్తే పొట్టి పెద్దమనిషిలా వచ్చిందంటే తల చిన్నదైందని అర్థం. మనుషుల బొమ్మల గురించి హైస్కూల్లో ఇంతకన్నా చెప్పేవారు కారు, ఆ వయసుకి అది చాలు.

డిజైను పాఠానికి ముగ్గే ఆధారం. ఆడపిల్లలకి చుక్కల లెక్క ముందే తెలుసు, ఆ పాఠంలో వాళ్లే ముందుండేవాళ్లు. ఆరంగుళాల చదరాన్ని ఎనిమిది భాగాలు చేసి, ఒక్క భాగంలో మాత్రం ఆకూ పువ్వూ కూర్చి, దాన్ని ట్రేసింగు కాగితం మీదకి ఎత్తి, వెనక టూబీ పెన్సిల్ రుద్ది, మిగతా ఏడు చోట్లా అచ్చు దించాలి. ఒకటి వదిలి ఒకటి కాగితాన్ని తిరగేయాలి, లేకపోతే ఆకులన్నీ ఒకే వైపు తిరిగి డిజైను సుడి తిరుగుతున్నట్టుంటుంది. పువ్వుని చూసినంత శ్రద్ధగా పువ్వుల మధ్య మిగిలిన ఖాళీని చూడమనేవారు. బందరు కలంకారీ అద్దకం దుప్పటి ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే ఈ మాట తేటగా తెలుస్తుంది. ఒక అచ్చుకీ పక్క అచ్చుకీ మధ్య మిగిలిన చోటు కూడా ఒక ఆకారమే, దాన్నీ ఎవరో లెక్కచూసి వదిలారు.

బడిలో చార్టులన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్లేవి. సైన్సు టీచరుకి గుండె బొమ్మ, సోషల్ మాస్టారుకి నదుల మ్యాపు, ఆగస్టు పదిహేనుకి స్వాగతం బోర్డు. తెలుగు అక్షరాలు చార్టు మీద రాయడంలో ఆయన నేర్పిన లెక్క ఇప్పటికీ ఎక్కడా అచ్చులో చూడలేదు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి రెండు గీతలు చాలు. తెలుగుకి నాలుగు కావాలి. అక్షరం ఒంటికి నాలుగు భాగాలు ఎత్తు ఇస్తే, పైన తలకట్టుకీ గుడికీ రెండు, కింద వత్తుకి మూడు. మొత్తం తొమ్మిది. పై వరుస వత్తుల గీతకీ కింది వరుస గుడి గీతకీ మధ్య ఇంకొక్క భాగం ఖాళీ వదలాలి. ఇది మర్చిపోయి రెండు గీతలతో మొదలుపెడితే, రెండో వరుసలో ఏదో ఒక గుడి వెళ్లి పై వరుసలోని వత్తుకి గుద్దుకుంటుంది. చార్టు పాడయ్యేది అక్కడే.

అక్షరాల మధ్య దూరం స్కేలుతో కొలిస్తే కుదరదు. మన అక్షరాలు గుండ్రటివి, రెండు గుండ్రాలు పక్కపక్కన వస్తే వాటి మధ్య పైనా కిందా చోటు దానంతటదే మిగులుతుంది, కాబట్టి వాటిని దగ్గరగా జరపాలి. ‘ఘ’, ‘ఝ’ లాంటివి ‘ర’ కన్నా చాలా వెడల్పు. అన్నిటికీ ఒకే గడి ఇస్తే ‘ర’ ఒంటరిగా నిలబడిపోతుంది, ‘ఘ’ ఇరుకున పడుతుంది. ముందు మాటంతా చిత్తు కాగితం మీద అదే సైజులో రాసుకుని, మధ్యకి మడిచి, ఆ మడతని చార్టు మధ్య గీతకి పెట్టాలి. అప్పుడు ‘స్వాగతం’లో చివరి సున్నా అంచుకి నెట్టుకుపోదు.

రంగు ఎనిమిదో తరగతిలో గానీ మొదలయ్యేది కాదు. అదీ బొమ్మతో కాదు, ఫ్లాట్ వాష్‌తో. ఒక చదరం గీసుకుని అంతా ఒకే నీలంతో ఎక్కడా మచ్చ లేకుండా నింపడం. పరీక్షల అట్ట మీద కాగితం నాలుగు వైపులా అంటించి, అట్ట పైభాగం కింద రెండు నోటు పుస్తకాలు పెట్టి వాల్చాలి. కావాల్సిన దానికి రెట్టింపు రంగు ముందే కలిపి ఉంచుకోవాలి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు రాదు, కలిపేలోపు వేసింది ఆరిపోతుంది. ఎనిమిదో పదో నంబరు గుండ్రటి బ్రష్షు నిండా రంగు తీసుకుని పైన ఎడమ నుంచి కుడికి ఒక్క గీత లాగాలి. వాలు వల్ల గీత కింది అంచున రంగు నీరు నిలుస్తుంది. రెండో గీత ఆ నీటిని తాకుతూ పోవాలి. ఇలా కిందదాకా వచ్చాక బ్రష్షు పిండేసి, అడుగున మిగిలిన నీటిని దానితో పీల్చాలి. పీల్చకుండా వదిలేస్తే, పైన ఆరుతున్న రంగులోకి ఆ నీరు ఎదురెక్కి గజిబిజి అంచున్న మచ్చ పెడుతుంది. వేసిన చోటికి మళ్లీ బ్రష్షు తీసుకెళ్లకూడదు. సగం ఆరిన రంగుని కెలికితే చారలు తప్పవు.

మన ఎండలకి ఈ పాఠం ఇంకా కష్టం. ఏప్రిల్ మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుంటే రెండో గీత వేసేలోపు మొదటిది ఆరి అంచు కడుతుంది. పొద్దున్నే వేయాలి, ఫ్యాను ఆపాలి, ముందు ఒట్టి నీళ్లతో కాగితం తడిపి, పైన మెరుపు పోయాక రంగు మొదలుపెట్టాలి. రంగు కలిపే నీళ్లలో ఒకటి రెండు చుక్కల గ్లిజరిన్ వేసినా నెమ్మదిగా ఆరుతుంది. ఎక్కువైతే మాత్రం కాగితం జిగురుగానే ఉండిపోతుంది. మామూలు డ్రాయింగు పుస్తకం కాగితం పలచన, తడి తగలగానే ఉబ్బి గుంటలు పడుతుంది. నీటి రంగుకి కనీసం 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), వీలైతే 300 జీఎస్ఎం కాగితం కొనండి. డబ్బు ఖర్చుపెట్టాల్సి వస్తే రంగుల మీద కాదు, కాగితం మీద పెట్టాలి.

నీళ్లకి రెండు గ్లాసులు, ఒకటి బ్రష్షు కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. నలుపు కేకుకి మాస్టారు ఒప్పుకునేవారు కారు. నీడకి నలుపు వేస్తే బొమ్మ మసి పట్టినట్టుంటుంది, పసుపులో నలుపు కలిస్తే ఆకుపచ్చగా మారుతుంది కూడా. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిద రంగు నీడకి బాగుంటుంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా మారుతుంది. వరిచేను పచ్చదనం డబ్బాలో ఉన్న పచ్చ కాదు. నాట్లు వేసిన కొత్తలో ఉన్న మెరిసే పచ్చకి లెమన్ ఎల్లోలో ప్రష్యన్ బ్లూ, పొట్టకొచ్చే వేళ ముదురు పచ్చకి అదే పసుపులో అల్ట్రామెరీన్, పైన చిటికెడు సియెన్నా. అల్ట్రామెరీన్‌లో ఎరుపు ఛాయ ఉంటుంది కాబట్టి దానితో వచ్చే పచ్చ మెత్తబడుతుంది. ఊదా కావాలంటే అదే అల్ట్రామెరీన్‌లో క్రిమ్సన్ కలపాలి. వెర్మిలియన్ కలిపితే మట్టిరంగు వస్తుంది. నీటి రంగు ఆరాక వెలిసినట్టు కనిపిస్తుంది, తడిగా ఉన్నప్పుడే కావాల్సిన దానికన్నా కాస్త ముదురు వేయాలి. పోస్టరు రంగు దారి వేరు, చిలికిన గడ్డ పెరుగంత చిక్కగా ఉండాలి. అంతకన్నా చిక్కనైతే ఆరి పగులుతుంది, పలచనైతే బ్రష్షు చారలు కనిపిస్తాయి.

పిల్లల కాగితం మీద ఆయన పెన్సిల్ పెట్టేవారు కారు. ఎక్కడ తప్పిందో చూపించాలంటే జేబులోంచి చిన్న కాగితం ముక్క తీసి దాని మీద గీసి చూపించేవారు. బొమ్మ పిల్లలదిగానే మిగిలేది. మాస్టారు దిద్దిన అందమైన బొమ్మ ఇంటికి తీసుకెళ్లిన పిల్లకి ఆ బొమ్మలో తనదేదో తెలియదు, వచ్చే వారం మళ్లీ మాస్టారి చెయ్యి కోసం ఎదురుచూస్తుంది. నేను చూసినంతలో మంచి డ్రాయింగు టీచరుకీ మామూలు టీచరుకీ అసలు తేడా ఇక్కడే ఉంది.

డ్రాయింగు చెప్పని ఉపాధ్యాయుడు కూడా ఈ పని చేయగలడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి 1909 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా బొమ్మలు వేసేవాడు. చిత్రకారుడు దామెర్ల రామారావు చేతిలో ఉన్నదేమిటో గుర్తించి బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లేలా చేసింది ఆయనే. అడివి బాపిరాజు మీదా ఆయన ప్రభావం ఉంది. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకి 28 నిండలేదు. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలని నిలబెట్టాడు. రాజమండ్రి వెళ్తే దామెర్ల ఆర్ట్ గ్యాలరీలో పెద్ద చిత్రాల దగ్గరే ఆగిపోకుండా స్కెచ్‌లు కూడా చూడండి. తెలంగాణలో సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) డ్రాయింగు టీచరుగా పనిచేస్తూనే బోనాలు, బతుకమ్మ, పల్లె పనిపాటల్ని నకాషీ (తెలంగాణ సంప్రదాయ పటచిత్రాల) పద్ధతికి దగ్గరైన గీతలో వేశారు, ఊళ్లోనే లలిత కళా సమితి పెట్టి పిల్లలకి నేర్పారు. బడి జీతంతో బతుకుతూ ఒక ప్రాంతానికి తన రూపం చూపించిన మనిషి ఆయన.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలో డ్రాయింగుకి పేపరు లేదు. అందుకని చాలా బళ్లలో ఆ పీరియడు లెక్కలకో ఇంగ్లీషుకో పోతుంది, మాస్టారు రిటైరైతే పోస్టు ఖాళీగా ఉండిపోతుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. దాని సంగతి ఎలా ఉన్నా, మన చేతిలో ఉన్న పని ఒకటుంది. రిటైరైన మాస్టార్ల ఇళ్లలో అటక మీద పాత చార్టులు, స్కెచ్ పుస్తకాలు, పరీక్షలకి వేసిన డిజైన్లు కట్టలుగా ఉంటాయి. వాటిని అడిగి, వాళ్ల ఎదుటే విప్పి ఫోటోలు తీయండి. గుండ్రంగా చుట్టి ఉన్న పాత చార్టుని ఒక్కసారిగా లాగితే మడత దగ్గర విరుగుతుంది. రెండు రోజులు కొంచెం కొంచెంగా విప్పుతూ అంచుల మీద పుస్తకాలు బరువు పెట్టాలి. ఫోటో కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా తీయాలి. ఫోను కాగితానికి సమాంతరంగా ఉండాలి. వాలితే చదరం కాస్తా ఒక వైపు కుంచించుకుపోతుంది. చిరిగిన చోట సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్లకి పసుపెక్కి ఆ మరక కాగితంలోకి దిగుతుంది. మైదా పిండి జిగురుతో వెనక నుంచి పలచటి కాగితం ముక్క అంటిస్తే సరిపోతుంది, పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే పురుగు చేరుతుంది. లామినేషన్ అసలు వద్దు. ఆ వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. ప్రతి కాగితం వెనక మూలన పెన్సిల్‌తో, పెన్నుతో కాదు, మాస్టారి పేరూ బడీ ఊరూ సంవత్సరమూ ఆయన్నే అడిగి రాయండి.